ఏటి అవతలి మంత్రం తెలుస్తుంది, పక్కనున్న మాట తెలియదు: ఇది చెవి లోపమా, మెదడు లోపమా?

ప్రశ్న: ముక్తేశ్వరం రేవు

అందరికీ నమస్కారం. మా నాన్నగారి వినికిడి గురించి చాలాకాలంగా నన్ను వేధిస్తున్న సందేహాన్ని తెలిసినవారి ముందు ఉంచుతున్నాను. మాది ముక్తేశ్వరం. గౌతమీ గోదావరికి అవతలి ఒడ్డున కోటిపల్లి సోమేశ్వరస్వామి ఆలయం ఉంది. కార్తీక మాసంలో సూర్యోదయ వేళ ఆ గుడి మైకులో చదివే రుద్రం నది మీదుగా మా వీధి అరుగు దాకా వినిపిస్తుంది. మా నాన్నగారు ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశారు, వయసు డెబ్బై దాటింది. ఆయన అరుగు మీద కూర్చుని ఆ రుద్రాన్ని అక్షరం పొల్లుపోకుండా వింటారు, నమకంలో ఏ అనువాకం నడుస్తోందో చెబుతారు, చదివేవారు ఎక్కడైనా స్వరం తప్పితే వెంటనే పట్టుకుంటారు.

అదే మనిషి, అదే రోజు, రేవు దాటడానికి పంటు ఎక్కితే పక్కనే ఆనుకుని నిలబడిన నా మాట తెలుసుకోలేరు. ఇంజను చప్పుడు, ఆపకుండా ఉంచిన మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాల మీద కూర్చున్నవారి కబుర్లు, వీటన్నిటి మధ్య నేను "పాలు పోయించారా?" అని అడిగితే "కాలికేమైంది?" అని నా కాలు చూస్తారు. గొంతు పెంచితే "అరవకు, వినపడుతూనే ఉంది, ఏమంటున్నావో తెలియడం లేదు" అని నొచ్చుకుంటారు. పెళ్లి పందిట్లో డోలు, సన్నాయి మొదలైతే ఇక ఎవరితోనూ మాట కలపరు.

వినికిడి పరీక్ష చేయించాము. గ్రాఫు 250 నుంచి 1000 హెర్ట్జ్ వరకు దాదాపు మామూలుగానే ఉంది, 2000 దాటిన దగ్గర నుంచి జారి 4000, 8000 దగ్గర బాగా తగ్గింది. వయసుతో వచ్చేదేనని చెప్పి పంపించారు. అంత దూరపు ధ్వని తెలిసినవారికి దగ్గరి మాట ఎందుకు తెలియదో ఎవరూ చెప్పలేదు. ఇంట్లో కొందరు "ఆయనకు కావలసినవే వినపడతాయి" అంటున్నారు. ఆ మాట విన్నప్పుడు ఆయన ముఖం ఎలా మారిందో చూశాక, దీని సంగతి సరిగ్గా తెలుసుకుని తీరాలనిపించింది.

సమాధానం: భౌతికశాస్త్ర ఉపన్యాసకుడు, అమలాపురం

మీ ప్రశ్నలో సగానికి గోదావరే సమాధానం చెబుతుందని నా అభిప్రాయం. గాలిలో ధ్వని వేగం ఉష్ణోగ్రతతో పాటు పెరుగుతుంది, ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు సెకనుకు సుమారు 0.6 మీటర్ల చొప్పున. మబ్బు లేని రాత్రి నేల వేడిని కోల్పోయి తనను ఆనుకున్న గాలిని చల్లబరుస్తుంది కాబట్టి, గాలి కదలని తెల్లవారు వేళల్లో కింద చల్లని గాలి, పైన కొంత వెచ్చని గాలి ఉంటాయి. పైకి వెళ్లిన ధ్వని ఆ వెచ్చని పొరలో వేగం పుంజుకుని, వంగి, మళ్లీ కిందికే దిగుతుంది. దానికి తోడు నిలకడగా ఉన్న నీటి ఉపరితలం తన మీద పడిన ధ్వనిని దాదాపు అంతా తిప్పి పంపుతుంది, పైగా దారిలో ఇళ్లూ చెట్లూ అడ్డురావు. మధ్యాహ్నం నేల కాగినప్పుడు ధ్వని పైకి వంగి పోతుంది, సముద్రం వైపు నుంచి గాలి కూడా వీస్తుంది, అందువల్ల అదే మైకు అదే గొంతుతో పలికినా మీ అరుగు దాకా రాదు. ఉదయాన ఊరింకా లేవకపోవడంతో చుట్టూ పోటీ పడే చప్పుడు కూడా ఉండదు. పంటు మీద పరిస్థితి దీనికి పూర్తిగా తలకిందులు. కాబట్టి చెవి కన్నా ముందు ధ్వని వచ్చిన దారిని చూడాలని మనవి.

సమాధానం: శ్రవణ నిపుణురాలు, కాకినాడ

ముందుగా ముక్తేశ్వరం వారికి: మీ నాన్నగారు కావాలని చేయడం లేదు. మీరు రాసిన గ్రాఫు, పాలు కాలుగా వినపడటం, "వినపడుతోంది గాని తెలియడం లేదు" అని ఆయన నొచ్చుకోవడం, ఈ మూడూ ఒకే దిక్కు చూపిస్తున్నాయి. ఇటువంటివారిని నేను తరచూ చూస్తుంటాను. వారిని బాధపెట్టేది వినికిడి తగ్గడం కన్నా ఇంట్లోవారు అపార్థం చేసుకోవడమే.

లెక్చరరు గారు చెప్పినది నిజమే గాని, ఆ కారణం ఒక్కటే సరిపోదు. నది దాటి వచ్చేసరికి ధ్వనిలోని ఎక్కువ పౌనఃపున్యాలు, అంటే మీ గ్రాఫులో ఎక్కువ హెర్ట్జ్ వైపున్న సన్నని ధ్వనులు, గాలిలోనే ఎక్కువగా ఇంకిపోతాయి. అంటే ఆ మైకు ధ్వని మీ నాన్నగారికి ఏవి వినపడవో వాటినే దారిలో పోగొట్టుకుని వస్తుంది. అయినా ఆయనకు అది తెలుస్తోంది. ఎందుకో చెప్పాలంటే చెవి నుంచి మొదలుపెట్టాలి.

కర్ణభేరి కదలికను మధ్యచెవిలోని మూడు చిన్న ఎముకలు లోపలి చెవికి అందిస్తాయి. ఆ లోపలి చెవిలో రెండున్నర చుట్లు తిరిగిన కర్ణావర్తం ఉంది, విప్పి చాపితే దాని పొడవు సుమారు 35 మిల్లీమీటర్లు. అందులో నిలువునా సాగే పొరపై, హార్మోనియం మెట్లలాగా, ప్రతి పౌనఃపున్యానికి ఒక చోటు ఉంటుంది: ముఖద్వారం దగ్గర హెచ్చు పౌనఃపున్యాలు, లోపలి కొసన తక్కువవి. ధ్వని ఈ పొర మీద అలగా పయనిస్తుందని కనుగొన్నందుకే గియార్గ్ ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ పొర మీద రెండు రకాల రోమ కణాలు ఉంటాయి. లోపలి వరుసలో సుమారు 3,500 కణాలున్నాయి, మెదడుకు వార్త పంపేవి ప్రధానంగా ఇవే. బయటి వరుసల్లో సుమారు 12,000 ఉన్నాయి, వీటి పని వేరు. ఇవి స్వయంగా సాగి, కుంచించుకుని పొర కదలికను పెంచుతాయి, పైగా ఏ పౌనఃపున్యానికి ఏ చోటో ఆ చోటు మాత్రమే కదిలేలా దాన్ని పదును పెడతాయి. వయసుతో, పెద్ద చప్పుళ్లతో ముందుగా దెబ్బతినేది ఈ బయటి కణాలే, అందులోనూ ముఖద్వారం వైపువి. మనిషిలో అవి మళ్లీ పుట్టవు.

ఇప్పుడు తెలుగు మాటకు వద్దాం. అచ్చుల బలమంతా ఎక్కువగా తక్కువ పౌనఃపున్యాల్లో ఉంటుంది, అందుకే ఎవరో మాట్లాడుతున్నారని, గొంతు ఎవరిదని, కోపమా ప్రేమా అని మీ నాన్నగారికి తెలుస్తుంది. "పాలు", "కాలు", "తాలు" అన్న మాటలు వేరవడానికి కారణం మాత్రం మొదటి హల్లు విడివడే క్షణంలో పుట్టే చిన్న చిటుకు, ఆ వెంటనే అది అచ్చులోకి జారే తీరు. అది ఉండేది సెకనులో కొన్ని వందో వంతుల సేపే, అందులో అధిక భాగం 1000 హెర్ట్జ్‌కు పైనే. స, ష అయితే ఇంకా పైన. మీరు అరిచినప్పుడు పెరిగేది అచ్చుల బలం, హల్లు దాదాపు ఉన్నచోటే ఉంటుంది. ఆయన "అరవకు" అనడం అక్షరాలా సరైన మాట.

పంటు ఇంజను చప్పుడు ప్రధానంగా తక్కువ పౌనఃపున్యాలది. బలమైన తక్కువ పౌనఃపున్యపు ధ్వని తన పైనున్నవాటిని కప్పేస్తుంది, పైవి కిందివాటిని అంతగా కప్పలేవు. ఆరోగ్యమైన చెవిలో బయటి కణాల పదును వల్ల ఇంజను ఒక చోట, మాట ఒక చోట పడతాయి గనుక మెదడు వాటిని విడదీయగలదు. పదును పోయిన చెవిలో రెండూ ఒకదాని మీద ఒకటి పొర్లిపోతాయి. ఆ పని మెదడు చేయలేకపోవడం లేదు, విడదీయడానికి దానికి అందేదే కలగలిసి అందుతోంది.

రెండు చెవుల సంగతి కూడా చెప్పాలి. పక్క నుంచి వచ్చిన ధ్వని ఒక చెవికి ముందు, రెండో చెవికి తరువాత చేరుతుంది, పెద్దల తలకు ఆ తేడా మహా అయితే సెకనులో వెయ్యో వంతుకు మూడింట రెండు వంతులు. ధ్వని ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలుసుకోవడంలో ఈ తేడా పాత్రను 1907లోనే లార్డ్ రేలీ చూపించారు. మెదడు కాండంలో రెండు చెవుల వార్తలూ మొదటిసారి కలిసే చోటనే ఈ పోలిక జరుగుతుంది. ఒకే గదిలో నలుగురు మాట్లాడుతుంటే ఒక్కరి మాట పట్టుకోవడం ఎలా సాధ్యమని 1953లో కోలిన్ చెర్రీ పరిశీలించారు. ఒకే గొంతు చదివిన రెండు పాఠాలను కలిపి వినిపిస్తే విడదీయడం చాలా కష్టమైంది, ఒక్కో చెవికి ఒక్కో పాఠం ఇస్తే సులువైంది. చెవులు పంపే వార్తలో స్పష్టత తగ్గితే ఈ సాయం కూడా తగ్గుతుంది.

చివరిగా రుద్రం. 1970లో రిచర్డ్ వారెన్ ఒక ఇంగ్లీషు వాక్యంలో ఒక ధ్వనిని పూర్తిగా తీసేసి ఆ చోట దగ్గును పెట్టి వినిపించారు. విన్నవారు ఆ ధ్వని లేదని గుర్తించలేదు సరికదా, దగ్గు సరిగ్గా ఎక్కడ వచ్చిందో కూడా చెప్పలేకపోయారు. దగ్గుకు బదులు నిశ్శబ్దం ఉంచితే మాత్రం ఖాళీ తెలిసిపోయింది. వాక్యంలో ఏమి రావాలో తెలిసిన మెదడు, పోయిన ముక్కను తానే వేసుకుని, అది చెవి నుంచే వచ్చినట్లు మనకు వినిపిస్తుంది. మీ నాన్నగారికి రుద్రం కంఠస్థం. ఏ పదం తరువాత ఏ పదం వస్తుందో ఆయన మెదడుకు ముందే తెలుసు, నది దాటి వచ్చిన అచ్చులూ లయా ఆ జ్ఞాపకాన్ని తట్టి లేపితే చాలు. పాలు పోయించారా అన్న ప్రశ్న ఎప్పుడు వస్తుందో ఎవరికీ ముందుగా తెలియదు.

నా మాట సరిచూడటానికి మార్గం ఉంది. అదే మైకులో ఆయనకు ముందుగా తెలియని ప్రకటన ఏదైనా వచ్చినప్పుడు, మీరేమీ చెప్పకుండా, ఏమి అర్థమైందో అడగండి.

సమాధానం: మృదంగ సాధకుడు, పాలకొల్లు

ఆయన స్వరం తప్పును ఎలా పట్టుకుంటున్నారో నాకు తెలిసినంతలో చెబుతాను. వేద స్వరాలు శ్రుతి హెచ్చుతగ్గులు, అది తక్కువ పౌనఃపున్యాల పని, ఆయన గ్రాఫులో ఆ భాగం బాగానే ఉంది. అయితే ఇక్కడ ఇంకొక విశేషం ఉంది. మగవారి గొంతు మూల పౌనఃపున్యం సాధారణంగా 100 నుంచి 150 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. గుళ్లలో వాడే బాకా ఆకారపు మైకులు అంత కిందికి సరిగా పలకవు. పాత టెలిఫోను అయితే 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే పంపేది. అయినా ఫోనులో నాన్న గొంతు నాన్న గొంతులాగే ఉంటుంది. గొంతు 120 హెర్ట్జ్‌ది అనుకుంటే దానితో పాటు 240, 360, 480 కూడా పుడతాయి. మొదటిది పోయినా మిగిలినవాటి మధ్య దూరం 120 గానే ఉంటుంది కాబట్టి, మెదడు దానిని బట్టి లేని మూలాన్ని శ్రుతిగా నిలబెడుతుంది. ఈ సంగతి మీద 1840లలో జీబెక్, ఓమ్ అనే జర్మన్ శాస్త్రవేత్తల మధ్య పెద్ద వాదమే నడిచింది.

మా వాద్యం విషయానికి వస్తే, మామూలు చర్మవాద్యంలో పుట్టే ఉపస్వరాలు ఇలా సమాన దూరాల్లో ఉండవు, అందుకే దానికి స్పష్టమైన శ్రుతి ఉండదు. మృదంగం కుడి మూత మీద నల్లని కరణి పూత వేయడం వల్ల అవి మూలానికి రెట్లుగా సర్దుకుంటాయని 1920లోనే సి.వి. రామన్ గారు చూపించారు. కరణి ఒక పొర మీద ఒక పొరగా రుద్దుతూ, మధ్య మధ్య వేలితో మీటి వింటూ, మళ్లీ రుద్దే పనివారిని దగ్గర కూర్చుని చూసినప్పుడల్లా, మెదడు వెతికే ఆ సమాన దూరాలను వారు ఏ పరికరమూ లేకుండా చెవితోనే సాధిస్తున్నారని ఎంతో గౌరవం కలుగుతుంది.

ముక్తేశ్వరం రేవు

అమ్మా, మీరు చెప్పినట్లే చేశాను. సోమవారం ఉదయం రుద్రం ముగిశాక అదే గొంతు, అదే మైకులో, అన్నసమారాధన గురించి ప్రకటన చదివింది. నాన్నగారికి "కార్తీక సోమవారం", "స్వామివారి", "భక్తులందరూ" అన్నవి అందాయి. ఏ సత్రంలోనో తెలియలేదు. పదిన్నరకు అన్నదాన్ని పన్నెండు అనుకున్నారు. నాకు మాత్రం అంతా తెలిసింది. తరువాత ఆయనకు మీ సమాధానం చదివి వినిపించాను. వారెన్ ప్రయోగం దగ్గర ఆపి మరొకసారి చదవమన్నారు. "కావలసినవే వింటారు" అన్నవారికి కూడా చదివి వినిపించమన్నారు, వినిపించాను.

లెక్చరరు, అమలాపురం

ఒకే దారిలో వచ్చిన రెండు ధ్వనుల్లో ఒకటి తెలిసి, రెండోది తెలియలేదంటే దారి కారణం కాదు. శ్రవణ నిపుణురాలి వివరణే సరైనదని ఒప్పుకుంటున్నాను.

నర్సాపురం కోడలు

ఈ చర్చకు దగ్గరి ప్రశ్న ఒకటి. మా పెద్దమ్మగారికి ఒక చెవికి వినికిడి యంత్రం కొనిచ్చాము. కొద్ది రోజులకే తీసి బీరువాలో పెట్టేశారు. గిన్నెల చప్పుడు సూదుల్లా గుచ్చుతోందట, మాట మాత్రం అంతకు ముందులాగే ఉందట. వినపడనివారికి చప్పుడు ఎక్కువ కావడం ఏమిటి? ఇంకొకటి, మా పాపకు పదో నెల. తనతో ఇప్పటి నుంచే ఇంగ్లీషులో మాట్లాడమని బంధువులు అంటున్నారు, చెవికి అలవాటు కావాలని. అందులో నిజమెంత?

శ్రవణ నిపుణురాలు, కాకినాడ

పాప సంగతి ముందు. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ హిందీలోని ట, త ల భేదాన్ని ఇంగ్లీషు ఇళ్లలోని పిల్లల మీద పరీక్షించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో ఎక్కువమంది పిల్లలు ఆ తేడాను గుర్తించారు, ఏడాది నిండే సమయానికి వారిలో చాలామందికి ఆ శక్తి తగ్గిపోయింది. చెవి మారలేదు, చుట్టూ వినపడే భాషకు ఏ భేదాలు కావాలో వాటినే మెదడు గట్టి చేసుకుంది. మీ ఇంట్లో మీరు హాయిగా, ధారాళంగా మాట్లాడే భాషలో పాపతో నిండుగా మాట్లాడండి. మీకే సహజం కాని భాషలో నాలుగు ముక్కలు మాట్లాడటం కన్నా అదే మేలు.

పెద్దమ్మగారి ఇబ్బంది చాలామందికి ఉండేదే. బయటి రోమ కణాలు మెల్లని ధ్వనులను పెంచుతాయే గాని పెద్ద ధ్వనులను పెంచవు. అవి పోయినప్పుడు మెల్లనివి వినపడవు, పెద్దవి మాత్రం మనందరికీ వినపడినంత పెద్దగానే వినపడతాయి. అంటే వినపడే హద్దుకూ భరించలేని హద్దుకూ మధ్య ఉన్న చోటు ఇరుకవుతుంది. యంత్రం మెల్లని ధ్వనిని ఎక్కువగా, పెద్ద ధ్వనిని చాలా తక్కువగా పెంచేలా, ఒక్కో పౌనఃపున్యానికి వేరువేరుగా సర్దాలి. ఆ సర్దుబాటు ఒక్క రోజులో తేలదు. అమ్మిన చోటికే మళ్లీ తీసుకువెళ్లి గిన్నెల చప్పుడు సంగతి చెప్పి తగ్గించమని అడగండి, అది వారి పనిలో భాగమే. రెండు చెవులకూ లోపం ఉంటే ఒక చెవికే పెట్టడం వల్ల, నేను పైన చెప్పిన రెండు చెవుల సాయం సరిగా అందదు. ఏళ్ల తరబడి అందని ధ్వనులు ఒక్కసారిగా అందితే మెదడుకు అవన్నీ అనవసరపు చప్పుడుగానే తోస్తాయి. మొదట ఇంట్లో నెమ్మదిగా ఉన్న వేళ ఒకరితో మాట్లాడేటప్పుడు, తరువాత ఇద్దరు ముగ్గురి మధ్య, ఆ తరువాతే సంతకూ పెళ్లిళ్లకూ, ఇలా కొన్ని వారాల మీద పెంచుతూ పోవాలి.

ముక్తేశ్వరం వారికి: పంటు మీద ఇంజనుకు దూరంగా, ఆయన వీపు ఇంజను వైపు ఉండేలా నిలబెట్టి, మీ ముఖం ఆయనకు వెలుతురులో కనపడేలా మాట్లాడండి. పెదవుల కదలిక వినికిడిలో భాగమే. పెదవులు ఒక అక్షరం పలుకుతున్నట్లు చూపిస్తూ వేరొక అక్షరం వినిపిస్తే చూసేవారికి మూడో అక్షరం వినపడుతుందని 1976లో మెగర్క్, మెక్‌డొనాల్డ్ చూపించారు. ప అన్నప్పుడు పెదవులు కలుస్తాయి, క అన్నప్పుడు కలవవు, పాలా కాలా అన్నది ఆయన కంటితోనే తేల్చుకోగలరు. ముందు విషయం చెప్పి తరువాత ప్రశ్న అడగండి: "పాలవాడి సంగతి నాన్నా" అని ఒక క్షణం ఆగి, "పోయించారా?" అనండి. గొంతు పెంచవద్దు, కొంచెం నిదానించండి. ఇప్పటి యంత్రాలకు తోడుగా, మాట్లాడేవారి చొక్కాకు తగిలించుకునే చిన్న మైకులు కూడా దొరుకుతున్నాయి, ఇంజను చప్పుడులో అవి బాగా పనికొస్తాయి.

మళ్లీ పరీక్షకు వెళ్లినప్పుడు ముందు చెవిలో గులిమి లేదని చూపించుకోండి. నిశ్శబ్దపు గదిలో వినిపించే బీప్ శబ్దాలతో ఆపకుండా, తెలుగు మాటలతో, వీలైతే వెనుక చప్పుడు పెట్టి కూడా పరీక్షించమని అడగండి. ఆయన ఇబ్బంది బయటపడేది ఆ పరీక్షలోనే. ఎప్పుడైనా ఒక్క చెవి ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో మూసుకుపోయినట్లయితే మాత్రం వయసు అనుకుని ఊరుకోకుండా వెంటనే చెవి వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి, దానికి చికిత్స ఎంత త్వరగా మొదలైతే అంత ఫలితం.